తొమ్మిది గంటల బాలసరస్వతి

కృష్ణా డెల్టాలో కాలువలకు నీళ్ళు వదిలిన తేదీకి ఉన్న విలువ మనుషులు పుట్టిన తేదీకి లేదు. ఈ సీమంతా యాభై ఏళ్ళుగా కాలినడకనా, ఎర్రబస్సుల్లోనూ తిరిగినవాణ్ణి. "మీ అబ్బాయికి ఎన్నేళ్ళండీ?" అని అడిగితే "కాలవలు ఆలస్యంగా వదిలిన ఏడు పుట్టాడండీ" అని లెక్క చెప్పినవాళ్ళు నాకు ఎందరో తెలుసు. అలాంటి చోట గడియారాన్ని నమ్ముకుని బతికిన మనిషి ఒకావిడ ఉంది. పేరు బాలసరస్వతి. విజయవాడలో ఆవిడ పనిచేసే ఆఫీసులో ఎదురుగా 'మేడం' అంటారు. వెనక మాత్రం 'తొమ్మిది గంటల బాలసరస్వతి' అంటారు.

ఆవిడ పనేమిటో ముందు చెప్పాలి. అంగన్‌వాడీ ఒక శాఖది. బడి ఇంకొకరిది. టీకాలు వేసే నర్సమ్మ మూడో శాఖ మనిషి. గది, కుళాయి పంచాయతీవి. వీళ్ళందరికీ పిల్ల మాత్రం ఒక్కతే. ఆ పిల్లకి ఆరో ఏడు వచ్చేలోగా ఒకటో తరగతిలో బెదరకుండా కూర్చునేలా తయారు చేయాలంటే ఈ నలుగురూ ఒక్క మాట మీద నడవాలి. రాష్ట్రమంతటికీ ఆ ఒక్క మాట కుదిర్చే కుర్చీ బాలసరస్వతిది.

వాళ్ళ నాన్న జానకిరామయ్య చల్లపల్లిలో లెక్కల మాస్టారు, నాకు స్నేహితుడు. పొద్దున్నే బడి గేటు దగ్గర చేతి గడియారం చూసుకుంటూ నిలబడి, గంట ఆగీ ఆగగానే గడియ పెట్టేసేవాడు. బయట మిగిలిపోయిన పిల్లలు కమ్మీలు పట్టుకుని చూస్తుండేవారు. లోపల ఉన్న ఎనిమిదేళ్ళ బాలసరస్వతి 'కాస్త ముందు బయల్దేరితే వీళ్ళ సొమ్మేం పోయింది?' అనుకునేదట. ఈ సంగతి ఒకప్పుడు ఆవిడే నవ్వుతూ చెప్పింది. ఇప్పుడు అడిగితే నవ్వదు.

దివిసీమలో సూపర్‌వైజరుగా చేరినప్పుడు ఆవిడ చూసిందంతా గందరగోళం. నర్సమ్మ బుధవారం వస్తే, సరిగ్గా ఆ బుధవారమే అంగన్‌వాడీ టీచరుకి మండలంలో మీటింగు. గుడ్ల బండి వచ్చేసరికి పిల్లలు ఇళ్ళకు పోయి ఉండేవారు. జూన్ వచ్చిందంటే ఒకటో తరగతి మాస్టారు "బలపం పట్టడం కూడా నేర్పలేదే!" అని టీచరుని తిట్టేవాడు. ఆవిడ "మీరు ఒక్కరోజైనా గడప తొక్కారా?" అని తిరిగి తిట్టేది. ఇద్దరి మధ్యా పిల్ల ముక్కు తుడుచుకుంటూ నిలబడేది. దీనికి విరుగుడు కనిపెట్టడానికి బాలసరస్వతి ఇరవై ఏళ్ళు ఖర్చు పెట్టింది. ఆఫీసు నుంచి ఆఫీసుకి తిరిగి, కొన్నిచోట్ల బతిమాలి, కొన్నిచోట్ల పోట్లాడి ఒక క్యాలెండరు తయారు చేసింది. యాభై అయిదు వేల కేంద్రాలూ తొమ్మిదింటికి తెరవాలి. టీకా రోజు అంతటా ఒక్కటే. నెలలో ఒక శనివారం బడి మాస్టారు అంగన్‌వాడీకి వెళ్ళి, వచ్చే ఏడు తన దగ్గరికి రాబోయే పిల్లల్ని చూసి రావాలి. నవ్వకండి. ఇది చేసి చూస్తేగాని తెలియదు ఎంత పెద్ద పనో. శ్రీకాకుళం మూల పిల్లా, చిత్తూరు మూల పిల్లా ఒకే నిమిషానికి 'ప్రెజెంట్ టీచర్' అంటున్నారంటే దాని వెనక ఆవిడ అరిగించిన చెప్పులున్నాయి.

తరవాత హాజరు వేసే యాప్ వచ్చింది. తొమ్మిది నుంచి ముప్పావు గంట సేపు మాత్రం అది తలుపు తెరుస్తుంది. పిల్ల ముఖం ఫోన్ ముందుంచాలి, పిల్ల రెప్ప ఆర్పాలి. రెప్ప ఆర్పితేనే అది ప్రాణమున్న పిల్ల అని యంత్రానికి నమ్మకం. మూడు నెలలు హాజరు సగం లేకపోతే ఆ కేంద్రం మూసేసి దగ్గరి బడిలో కలపాలి. హాజరు చాలని పిల్ల పేరు పక్కన 'బడికి సిద్ధం కాలేదు' అని దానంతట అదే పడుతుంది.

మొన్న మాఘమాసంలో అలాంటి జాబితా ఒకటి ఆవిడ బల్ల మీదికొచ్చింది. నాలుగు వందల పన్నెండు కేంద్రాలు. కింద ఆవిడ సంతకం పడాలి. అందులో దివిసీమ అంచున, సముద్రానికి దగ్గర్లో, చేపలు పట్టి బతికే పల్లెకారుల పాలెం ఒకటి ఉంది. అసలు పేరు రాయను, కొత్తపాలెం అనుకోండి. అక్కడ టీచరు గంగారత్నం. ఇరవై ఏళ్ళ కిందట బాలసరస్వతే ఎంపిక చేసిన మనిషి.

బాలసరస్వతి పై అధికారి వెంకటకృష్ణారావు గారు కాగితం మీద వేలు పెట్టి చూపించారు.

"హాజరు ముగ్గురు. గుడ్లు ఇరవై ఏడు. మిగతా ఇరవై నాలుగు ఎవరు మింగుతున్నారండీ, కొంగలా?"

"కనుక్కుంటాను సార్."

"కనుక్కోడానికేముందండీ? సంతకం పెట్టెయ్యండి. నెలాఖరుకి తాళాలు పడాలి."

"పిల్లల బరువులు చూశారా సార్? ఇరవై ఏడుగురివీ బాగున్నాయి. గుడ్డు తినని పిల్లలకి ఆ బరువు రాదు."

"బరువులు కూడా దొంగలెక్కే అయ్యుంటాయండీ. మీరు ఏరుకున్న మనిషేగా!"

ఆ చివరి మాట ఆవిడకి తగిలింది. మర్నాడు అవనిగడ్డ బస్సులో నేను కిటికీ పక్కన కూర్చుని ఉంటే, ముఖం గంటు పెట్టుకుని వచ్చి పక్కన కూలబడింది.

"ఎక్కడికి బాబాయ్ గారూ?"

"బస్సు ఎక్కడిదాకా పోతే అక్కడికి."

"అయితే నాతో రండి. ఒక దొంగని పట్టుకోడానికి వెళ్తున్నా. సాక్షి కావాలి."

ఆ రాత్రికి అవనిగడ్డలో వాళ్ళ పిన్ని ఇంట్లో దిగి, పొద్దున్నే ఆటో పట్టుకుని కొత్తపాలెం చేరాం. తొమ్మిదికి రెండు నిమిషాలుంది. ఆవిడ గడియారం చూసుకుని తలుపు తోసింది.

లోపల ఇరవై ఏడు మంది పిల్లలూ వరసగా చాపల మీద నిద్రపోతున్నారు. ఒకడి కాలు ఇంకొకడి పొట్ట మీద ఉంది. గంగారత్నం గోడకి ఆనుకుని విసనకర్రతో ఈగలు తోలుతోంది.

"గంగారత్నం! ఏంటిది? తొమ్మిదింటికే పడుకోబెట్టేశావా?"

గంగారత్నం పెదాల మీద వేలు పెట్టుకుంది. "మెల్లగా అండీ."

"ఫోన్ తియ్యి. లేపి నా ముందే ఫొటోలు తియ్యి."

"లేపనండీ."

"ఏమన్నావ్?"

"ఫొటో కోసం నిద్దరోయే బిడ్డని లేపనండీ. తండ్రి సముద్రం మీదున్నప్పుడు బిడ్డని నిద్దర్లో లేపకూడదని మా పాలెంలో ఆనవాయితీ. దాన్ని మీరు నమ్మకపోతే మానెయ్యండి. వీళ్ళు నాలుగింటికి లేచిన పిల్లలండీ. నాలుగింటికి లేచినోళ్ళు తొమ్మిదింటికి పడుకోరా? రెప్ప ఆర్పాలంటది మీ ఫోను. మూసిన రెప్ప ఎట్టా ఆర్పుద్దండీ?"

"నాలుగింటికెందుకు లేపుతున్నారు?"

"రేపు నాలుగున్నరకి రండి మేడం గారూ. అప్పుడు తిట్టండి, పడతాను."

ఇక్కడొక మాట. పూర్వం మన వీధిబళ్ళు తెల్లవారకముందే మొదలయ్యేవని పెద్దలు చెప్పగా విన్నాను, పాత కాగితాల్లో చదివాను కూడా. అందరికన్నా ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో పంతులు 'శ్రీ' రాసేవాడట. రెండోవాడికి చుక్క. మూడోవాడికి ఒక బెత్తం దెబ్బ, నాలుగోవాడికి రెండు. అలా పెరుగుతూ పోయేవి. తొమ్మిది గంటలన్నది పిల్లల కోసం పుట్టిన వేళ కాదు. అది కచేరీల వేళ, గుమాస్తాలు అన్నం తిని తలపాగా చుట్టుకుని బయల్దేరే వేళ. ఎప్పుడు వచ్చి బడిలో కూర్చుందో తెలియదుగాని, వచ్చింది మళ్ళీ లేవలేదు. ఈ సంగతి ఆ సాయంత్రం బాలసరస్వతికి చెప్పాను. "పుస్తకాలు కట్టిపెట్టండి బాబాయ్ గారూ" అంది.

మర్నాడు నాలుగున్నరకి వెళ్ళాం. మంచు ముఖం మీద పడుతోంది. గట్టు మీద ట్రాలీ ఆటో ఇంజను వేసుకుని ఉంది. ఆడవాళ్ళు ఒక చంకలో తట్ట, ఒక చంకలో బిడ్డ పెట్టుకుని వస్తున్నారు. బిడ్డని గంగారత్నం చేతిలో పెట్టడం, తట్టతో ఆటో ఎక్కడం. చేపలు మార్కెట్టుకి తెల్లారేలోగా చేరకపోతే కొనేవాడుండడు. మగవాళ్ళు పడవల మీద. ఇళ్ళల్లో ఎవరూ ఉండరు.

మణెమ్మ అనే ముసలామె మనవరాలిని దించుతూ మమ్మల్ని ఎగాదిగా చూసింది. "ఎవరే రత్తం, ఈ పెద్దోళ్ళు?"

"విజయవాడ నించి మేడం గారు."

"అట్టాగా! అమ్మా, మీ ఆఫీసులో కనుక్కుని చెప్పు. తొమ్మిదింటికి బడి తెరవమన్నదెవరో గానీ, ఆ మనిసి జన్మలో సేపల తట్ట ఎత్తుండదు. తొమ్మిదింటికి మేం సగం తట్ట అమ్మేసి టీ తాగుతా ఉంటాం. అందాకా బిడ్డని ఏ పీతబొక్కలో దాసిపెట్టాలంట?"

మణెమ్మ కూడా తట్టతో ఎక్కింది. ఆటో వెళ్ళిపోయింది.

గంగారత్నం అప్పుడు చెప్పింది. రెండేళ్ళ కిందట, తనూ తొమ్మిదింటికే తెరిచే రోజుల్లో, మణెమ్మ మనవరాలు కనకదుర్గ ఒంటరిగా లేచి అమ్మని వెతుక్కుంటూ మురుగుకాలవలో దిగింది. గుర్రపుడెక్క తీగల్లో చిక్కుకుంది. వలలు ఉతుక్కునే ముసలాయన చూడబట్టి బతికింది. "ఆ మర్నాటి నించి నాలుగున్నరకి తీస్తన్నానండీ. ఎవరూ చెప్పలేదు, ఎవర్నీ అడగలేదు. అడిగితే మీరు వద్దంటారు."

ఆ తరవాత నాలుగు గంటలు బాలసరస్వతి గోడవార పీట మీద కూర్చుని చూసింది. అయిదేళ్ళ కనకదుర్గ పీతల బుట్ట ముందు కూర్చుంది. కాళ్ళు కట్టేసిన పీతల్ని నాలుగేసి చొప్పున పక్కకి పెడుతోంది. నాలుగైతే ఒక పుంజీ. పీతలైనా పిడకలైనా ఆ పాలెంలో పుంజీల లెక్కే. "అయిదు పుంజీలు, ఇంకోటి" అంది చివరికి. పక్కన ఒకడు ఇసకలో 'అ' దిద్దుతున్నాడు. నేను ఇరవై ఒక్క పీతలూ లెక్కబెట్టుకుని చూశాను, ఒక్కటి తేడా లేదు. ఏడింటికి గుడ్లు తిన్నారు. ఎనిమిదిన్నరకి ఒక్కొక్కరే ఒరిగిపోయారు. తొమ్మిదింటికి యాప్ తలుపు తెరిచింది. మెలకువగా ఉన్నది ముగ్గురు, నిన్న వాళ్ళూ ముందే ఒరిగిపోయారు.

తిరుగు బస్సులో బాలసరస్వతి అంది. "నాన్న గేటు మూసేవాడు కదా బాబాయ్ గారూ. ఆయన ఒక్క గేటే మూశాడు. నేను యాభై అయిదు వేలు మూశాను."

నేను ఓదార్చలేదు. ఓదార్పు కోసం అన్న మాట కాదది.

విజయవాడ చేరాక తొమ్మిది రోజులు ఫోను వదల్లేదట. నాలుగు వందల పన్నెండు కేంద్రాలకీ చేసింది. అన్నిటికీ ఒకే ప్రశ్న: 'మీ ఊళ్ళో తల్లులు ఎన్నింటికి ఇల్లు దాటతారు?' హనుమాన్ జంక్షన్‌లో మూడున్నరకి, హోటళ్ళలో ఇడ్లీ పిండి పొయ్యెక్కించడానికి. మంగళగిరి పక్క పొలాల్లో నాలుగింటికి, మల్లెలు విచ్చకముందే కొయ్యడానికి. మిరపకోతల ఊళ్ళలో అయిదింటికి. అరవై మూడు చోట్ల టీచర్లు ఎవరికీ చెప్పకుండా వేళ మార్చుకునే ఉన్నారు. మిగతావాళ్ళు మార్చడానికి భయపడ్డారు, పిల్లలు రావడం మానేశారు. ఆ వేళలన్నీ కలిపి పట్టిక తయారు చేసి వెంకటకృష్ణారావు గారి ముందు పెట్టింది.

"ఇదేంటండీ?"

"కొత్త క్యాలెండరు సార్. తల్లి ఇల్లు దాటే వేళకి కేంద్రం తెరవాలి."

"తొమ్మిది అన్నది మీరు. సర్క్యులర్ మీద మీ సంతకమే ఉంది. యాప్ కూడా దాన్నిబట్టే కట్టారు."

"తప్పు నాది కాబట్టే దిద్దే హక్కూ నాదే సార్."

"రాష్ట్రమంతా ఒక వేళ ఉండాలని ఇరవై ఏళ్ళు మా ప్రాణాలు తీశారు కదండీ! ఇప్పుడు ఊరికో వేళంటే ఎట్టా కుదురుద్ది? ఇంకా అయిదు నెలల్లో రిటైరవుతున్నారు. ఈ గొడవ మీకెందుకు? జాబితా మీద సంతకం పెట్టండి."

"పెట్టను."

"మెమో ఇవ్వాల్సి ఉంటది."

"ఇవ్వండి సార్. తొమ్మిదింటికి ఇవ్వండి, సీట్లోనే ఉంటాను."

మెమో ఇచ్చారు. ఆవిడ సంతకం లేకుండానే, 'పైవారి మౌఖిక ఆదేశం' అంటూ కొన్ని చోట్లకి తాళాలు బయల్దేరాయి. కొత్తపాలేనికి గురువారం అని తెలిసి, ఆవిడ సెలవు పెట్టి బుధవారమే అక్కడికి చేరింది. నేనూ ఉన్నాను. నాకేం పని గనక!

గురువారం పదింటికి బసవయ్య గారు వచ్చారు. ఈ కేంద్రాన్ని కలపాల్సిన, రెండు కిలోమీటర్ల అవతలి బడికి హెడ్మాస్టరు. మంచి మనిషి, భయస్తుడు. ఒక చేతిలో కొత్త తాళం, ఇంకో చేతిలో కాగితం. గడప మీద కూర్చున్న బాలసరస్వతిని చూసి ఆగిపోయారు.

"మేడం గారూ! మీరిక్కడ..."

"మెల్లగా. పిల్లలు పడుకున్నారు."

ఆయన గొంతు తగ్గించారు. ఆ తరవాత జరిగిన పోట్లాటంతా గుసగుసల్లోనే జరిగింది. జన్మలో అలాంటి పోట్లాట చూడలేదు నేను.

"ఈ కేంద్రం ఖాళీగా ఉంటందట, తాళం వెయ్యమని ఆర్డరండీ."

"వెయ్యండి."

"లోపల పిల్లలున్నారు కదండీ."

"ఎక్కడున్నారు? యాప్‌లో ముగ్గురేగా ఉన్నది? ఆ ముగ్గురినీ బయటికి తెచ్చి తాళం వేసెయ్యండి. మిగతా ఇరవై నాలుగుమందీ లేరు కదా. లేని పిల్లలకి ఊపిరాడకపోతే మాత్రం ఏమవుద్ది?"

"ఎగతాళి చెయ్యకండీ. నా ఉద్యోగం..."

"నా ఉద్యోగం సంగతి కూడా తెలుసుగా మీకు. ఖాళీ కేంద్రానికి తాళమన్నారు, ఖాళీ చెయ్యండి. ఒక్కొక్కళ్ళనీ మీ చేత్తో లేపండి. గంగారత్నం లేపదు. నేను లేపను."

ఆయన చెప్పులు విప్పి లోపలికెళ్ళారు. మొదటి చాప దగ్గర వంగారు. చెయ్యి చాపారు. పిల్లవాడు అటు తిరిగి పక్కవాడి మీద కాలు వేశాడు. చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. అప్పటికి కబురు అందుకుని మణెమ్మా, ఇంకో పదిమంది ఆడవాళ్ళూ ఖాళీ తట్టలతో గుమ్మంలోకి వచ్చారు. అరవలేదు. నడుముల మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

మణెమ్మ గుసగుసగా అంది: "అయ్యోరూ, లేపితే ఏడుస్తారు. ఏడిస్తే ఎత్తుకోవాల. ఎన్ని సేతులున్నయ్యో ముందు సూసుకో. ఆపైన, ఆళ్ళ నాన్నలు నీళ్ళ మీదున్నారు. సాయంత్రం దిగుతారు. ఎవరు లేపారని అడుగుతారు."

బసవయ్య గారు వెనక్కి వచ్చి గోడవార చతికిలబడ్డారు. "ఎన్నింటికి లేస్తారమ్మా?"

"పదకొండున్నరకండీ" అంది గంగారత్నం, విసనకర్ర ఆయన వైపు కూడా ఒకసారి విసురుతూ.

గంటన్నర కూర్చున్నారాయన. తాళం పక్కన పెట్టుకుని ఒక కునుకు కూడా తీశారు. పదకొండున్నరకి పిల్లలు లేచారు. ముందు లేచిన కనకదుర్గ కళ్ళు నులుముకుని ఈ కొత్త మనిషి ముందుకొచ్చి నిలబడింది.

"నువ్వెవరు?"

"మాస్టార్ని. వచ్చే ఏడు నా బడికే రావాలి నువ్వు. లెక్క వచ్చా?"

"వచ్చు."

"అయితే ఇక్కడ మీరెంతమందో చెప్పు, చూద్దాం."

కనకదుర్గ వేలితో చూపిస్తూ, నలుగురు నలుగుర్ని మూపులు పట్టి కూర్చోబెడుతూ గది చివరిదాకా వెళ్ళింది. చివర్లో తన పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "ఆరు పుంజీలు, ముగ్గురం."

బసవయ్య గారి పెదాలు కదిలాయి. ఆయనా డెల్టా మనిషే, పుంజీ తెలియనివాడు కాదు. "ఇరవై ఏడు" అన్నారు. జేబులోంచి కలం తీశారు. తాళం వేసినట్టు రాయాల్సిన కాగితం తిరగేసి, వెనక వైపు ఇలా రాశారు: 'నేను పది గంటలకు వచ్చి చూడగా కేంద్రంలో ఇరవై ఏడుగురు పిల్లలు హాజరై, నిద్రలో ఉన్నారు. కేంద్రం ఖాళీగా లేనందున తాళం వేయలేదు. ఒక బాలికను పరీక్షించితిని. బడికి సిద్ధంగా ఉన్నది.' కింద సంతకం, తేదీ, వేళ. తాళం మాత్రం మర్చిపోయి వెళ్ళారు. గంగారత్నం దాన్ని గుడ్ల బీరువాకి వేసుకుంది.

ఆ కాగితం నకలు బాలసరస్వతి మిగతా కేంద్రాలన్నిటికీ పంపింది. ఆ అరవై మూడు చోట్లా టీచర్లు ఇప్పుడు తాళంతో వచ్చినవాళ్ళ ముందు కలం, కాగితం పెట్టి, 'చూసింది రాసి వెళ్ళండి' అంటున్నారట. అసలు కాగితం విజయవాడలో బల్ల నుంచి బల్లకి తిరుగుతోంది. హాజరులో 'నిద్రలో' అనే గడి లేదు కాబట్టి దాన్ని ఎక్కడ దించాలో ఎవరికీ తెలియడం లేదు. జాబితా మీద సంతకం ఇప్పటికీ పడలేదు. కొత్తపాలెంలో ఇవాళ కూడా నాలుగున్నరకి తలుపు తీశారు.

వెంకటకృష్ణారావు గారు రెండో మెమో ఇచ్చారు. 'విధి నిర్వహణలో ధిక్కారమునకు సంజాయిషీ ఇవ్వవలెను. తనిఖీ బృందము కొత్తపాలెం కేంద్రమును ఉదయం తొమ్మిది గంటలకు సందర్శించును.' బాలసరస్వతి జవాబు రాసి నాకు చూపించింది.

"ఎలా ఉంది బాబాయ్ గారూ?"

'ధిక్కారం వాస్తవమే. తనిఖీ బృందం తొమ్మిదింటికి వస్తే చెప్పులు బయట విడిచి, మెల్లగా మాట్లాడవలెను. పిల్లలతో మాట్లాడాలనుకుంటే నాలుగున్నరకు రావలెను. ఆలస్యంగా వచ్చినా గేటు మూయబడదు.'